కాటన్ అంటే పత్తి కాదు.. ఒకే ఇంటిపేరు వెంట ఊరూరా!

ఏటా జులై, ఆగస్టు వచ్చిందంటే చాలు.. మన ఫోన్లలో ఒకే రకం నోటిఫికేషన్లు మోగుతుంటాయి. ‘ధవళేశ్వరం వద్ద 11.75 అడుగులకు నీటిమట్టం, మొదటి ప్రమాద హెచ్చరిక జారీ’ అని. వరద ఇంకాస్త పెరిగితే 13.75 అడుగుల దగ్గర రెండో హెచ్చరిక, 17.75 దగ్గర మూడోది. కోనసీమ లంకల్లో చిన్నపిల్లాడిని అడిగినా ఈ మూడు అంకెలూ టకటకా చెప్పేస్తాడు. ఆ నీటిమట్టం కొలిచే చోటు పేరు సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజీ.

సరే, ఇది మనందరికీ తెలిసిన కాటన్. ఉద్యోగం కోసం బెంగళూరు వెళ్లినవాళ్లు సెయింట్ మార్క్స్ రోడ్డులో ఒక పెద్ద స్కూలు బోర్డు చూసే ఉంటారు. బిషప్ కాటన్ బాయ్స్ స్కూల్. సిమ్లా టూరుకి వెళ్తే అక్కడా బిషప్ కాటన్ స్కూలే. ఈశాన్యం ట్రిప్పు వేసుకుని గువాహటిలో దిగితే, నగరం నడిబొడ్డున కాటన్ యూనివర్సిటీ కనిపిస్తుంది. ‘మన కాటన్ దొర అక్కడ కూడా ఏమైనా కట్టాడా?’ అని అనుమానం రావడం సహజం.

కట్టలేదు. వీళ్లు ముగ్గురు వేర్వేరు మనుషులు. ఒకరు ఇంజినీరు, ఒకరు మతాధికారి, ఒకరు ఐసీఎస్ ఆఫీసరు. ఇంటిపేరు మాత్రం ఒక్కటే. ముగ్గురూ మన దేశంలో ఉద్యోగాలు చేశారు. ముగ్గురి పేర్లూ ఇంకా బోర్డుల మీద ఉన్నాయి. దేశమంతటా దొరల పేర్లు మారిపోతున్న ఈ రోజుల్లో ఈ పేరు మాత్రం ఎందుకు నిలబడింది? ఆ ఊళ్ల దారిన ఓసారి వెళ్లొద్దాం రండి.

ఇంటిపేరు వెనక ఊరు

ముందు ఒక సరదా ముచ్చట. కాటన్ అనగానే మనకు గుంటూరు పత్తి మిల్లులు గుర్తొస్తాయి. కానీ ఈ ఇంటిపేరుకీ పత్తికీ సంబంధమే లేదు. గుడ్డ కాటన్ అరబ్బీ భాషలోని ‘కుత్న్’ అనే మాట నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చింది. ఇంటిపేరు కాటన్ ఏమో ఇంగ్లండ్ పల్లెటూళ్ల పేర్ల నుంచి పుట్టింది. పాత ఇంగ్లిష్‌లో ‘కాట్’ అంటే పాక, గుడిసె. పాకలున్న చోటు కాబట్టి ఆ ఊరికి ఆ పేరు. ఆ ఊరి నుంచి వచ్చినవాళ్లకి ఆ ఊరే ఇంటిపేరు. మన దగ్గరా అంతే కదా! మనలో సగం మంది ఇంటిపేర్లు తాతల నాటి ఊళ్ల పేర్లే. సరదాగా చెప్పాలంటే కాటన్ వాళ్లు ఇంగ్లండ్‌లో పాకలపాటి వాళ్లన్నమాట!

ఇంజినీరు ఆర్థర్ కాటన్ 1803 మే 15న పుట్టారు. హెన్రీ కాల్వెలీ కాటన్‌కి 11 మంది కొడుకులుంటే, ఈయన పదోవాడు. అన్నదమ్ముల్లో ఇంకొందరు కూడా ఇండియాకి వచ్చారు. అన్న సిడ్నీ కాటన్ సైన్యంలో జనరల్, 1857 తిరుగుబాటు నాటికి పెషావర్‌లో ఉన్నాడు. తమ్ముడు ఫ్రెడరిక్ కూడా ఆర్థర్‌లాగే మద్రాస్ ఇంజినీర్స్‌లో పనిచేశాడు. ఇక పెదనాన్న కొడుకు స్టేపుల్టన్ కాటన్ ఏకంగా ఇండియాలో బ్రిటిష్ సైన్యానికి కమాండర్ ఇన్ చీఫ్. 1826లో భరత్‌పూర్ కోటను పడగొట్టింది ఆయన ఆధ్వర్యంలోనే. అప్పట్లో పేరు, పదవి, బిరుదులు చూస్తే అందరికంటే పెద్దాయన ఆయనే. ఇవాళ భరత్‌పూర్ వెళ్లేవాళ్లు పక్షుల కోసం వెళ్తారు తప్ప ఆయన్ని తలుచుకునేవాళ్లు లేరు. కోట పడగొట్టిన అన్నని మర్చిపోయాం. ఆనకట్ట కట్టిన తమ్ముడికి ఏటా దండలు వేస్తున్నాం.

ధవళేశ్వరం: నాలుగు ముక్కల ఆనకట్ట

రాజమండ్రి నుంచి ఆటో ఎక్కితే కాసేపట్లో ధవళేశ్వరం. బ్యారేజీ మీద రోడ్డు ఉంది కాబట్టి బైక్ మీద వెళ్తే ఇంకా బాగుంటుంది. గోదావరి ఇక్కడ ఒకే ధారగా ఉండదు, మధ్యలో లంకలు. అందుకే బ్యారేజీ కూడా నాలుగు ముక్కలు. ధవళేశ్వరం వైపు 70 గేట్లు, ర్యాలి దగ్గర 43, మద్దూరు దగ్గర 23, విజ్జేశ్వరం దగ్గర 39. మొత్తం 175. బైక్ మీద ఒక ముక్క దాటి లంకలోకి దిగి, మళ్లీ ఇంకో ముక్క ఎక్కి.. ఇలా దాటుతుంటే గోదావరి ఎంత వెడల్పో అప్పుడు తెలుస్తుంది.

అయితే ఇప్పుడు మనం చూసే గేట్ల బ్యారేజీ కాటన్ కట్టింది కాదు. ఇది 1970లలో మొదలుపెట్టి 1982 నాటికి పూర్తి చేసింది. కాటన్ కట్టిన ఆనకట్ట పనులు 1847లో మొదలై 1852లో పూర్తయ్యాయి. పాతది బలహీనపడ్డాక కొత్తది కట్టి, పేరు మాత్రం ఆయనదే ఉంచారు. కట్టిన వస్తువు పోయాక కూడా పేరు ఉండటం అంటే ఇదే.

ఆనకట్టకు ముందు ఈ డెల్టా ఎలా ఉండేదో ఇప్పటి కోనసీమని చూస్తే ఊహించలేం. పక్కనే అంత పెద్ద నది, పొలాల్లో మాత్రం ఎండిన చేలు. 1832-33లో గుంటూరు ప్రాంతాన్ని తుడిచిపెట్టిన నందన కరువు దెబ్బ ఇటువైపూ తగిలింది. 1839లో కోరింగ మీద తుపాను విరుచుకుపడి సముద్రం ఊళ్ల మీదికొచ్చింది. వానొస్తే ముంపు, లేకపోతే కరువు. జనం ఊళ్లొదిలి వెళ్లిపోతుంటే, కంపెనీకి శిస్తు కూడా పడిపోయింది. ఆ పరిస్థితుల్లో కాటన్ గోదావరి గట్ల వెంట తిరిగి, కొలతలు తీసుకుని, ఇక్కడ ఆనకట్ట కడితే డెల్టా అంతా పండుతుందని నివేదిక రాశారు.

ఇక్కడొక విషయం దాచకుండా చెప్పుకోవాలి. కంపెనీ డబ్బులు ఇచ్చింది జాలితో కాదు. పొలం తడిస్తే పంట, పంట పండితే శిస్తు. కాటన్ కూడా పైవాళ్లని ఒప్పించడానికి ఆ లెక్కలే చూపించారు. ‘ఇంత ఖర్చు పెడితే ఇంత తిరిగొస్తుంది’ అని. కానీ ఆయన పోరాటం అక్కడితో ఆగలేదు. రైళ్ల మీద పెట్టే డబ్బు కాలువల మీద పెట్టండి, నీళ్లూ పారతాయి, పడవలూ తిరుగుతాయి అని ఉద్యోగం మానేశాక కూడా ఇంగ్లండ్‌లో పోట్లాడుతూనే ఉన్నారు. నదులన్నిటినీ కాలువలతో కలపాలన్నారు. అందుకు అక్కడివాళ్ల చేత మాటలూ పడ్డారు. 1899లో, 96 ఏళ్ల వయసులో చనిపోయేదాకా ఆయనది అదే పాట.

ఫలితం మన కళ్లముందే ఉంది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువల కింద ఇవాళ దాదాపు 10 లక్షల ఎకరాలు సాగవుతున్నాయి. పి.గన్నవరం వెళ్తే వైనతేయ పాయ మీదుగా కాలువని అవతలికి దాటించిన అక్విడక్టు చూడొచ్చు. అంటే కింద నది, పైన కాలువ! కాటన్ కాలం నాటి ఆ పాత కమానుల వంతెన పక్కనే కొత్తది కట్టి, దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆకలితో వచ్చిన ప్రతివాళ్లకీ అన్నం పెట్టిన తల్లి ఆవిడ. నీళ్లిచ్చిన దొర కట్టడం, అన్నం పెట్టిన అమ్మ పేరు పక్కపక్కనే ఉండటం గోదావరి జిల్లాకే చెల్లింది.

డెల్టా ఊళ్లలో గుర్రం మీద కూర్చున్న కాటన్ విగ్రహాలు ఎన్ని ఉన్నాయో లెక్కలేదు. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద తెలుగు వెలుగుల వరుసలో నిలబెట్టిన విగ్రహాల్లోనూ ఈయనది ఉంది. గోదావరిలో స్నానం చేసేటప్పుడు చెప్పే సంకల్పంలో ఆయన్ని భగీరథుడితో పోల్చి తలుచుకునే పురోహితులు కూడా ఉన్నారు. ఒక ఇంగ్లిష్ క్రైస్తవుడికి సంస్కృత శ్లోకంలో చోటు దొరకడం మాటలు కాదు.

ధవళేశ్వరంలోనే కాటన్ మ్యూజియం ఉంది. ఆ రోజుల్లో వాడిన యంత్రాలు, ఆనకట్ట నమూనాలు చూడొచ్చు. వెళ్తే ఇంకో పేరు కోసం కూడా అడగండి. వీణెం వీరన్న. కాటన్‌కి కుడిభుజంలా ఉండి, కూలీలను కూడగట్టి పని నడిపించింది ఈయనే. ఆ కూలీలు వేలమంది. ఎండలో ఇసుక తవ్వింది, రాళ్లు మోసింది వాళ్లు. వాళ్లెవరి పేర్లూ ఏ బోర్డు మీదా లేవు.

మరో మాట. వరదల సీజన్లో పులస తినడానికి ఈ వైపు వచ్చేవాళ్లు తక్కువేం కాదు. సముద్రం నుంచి గోదావరికి ఎదురీదుకుంటూ వచ్చే ఆ చేపకి కూడా బ్యారేజీయే అడ్డు. మనిషికి మేలు చేసిన గోడ చేపకి గోడగానే మిగిలింది. డెల్టాకి నీళ్లొచ్చాయి, ఎగువ మెట్ట ఊళ్లకి మాత్రం రాలేదు. పక్కపక్క మండలాల మధ్య ఆస్తిలో, చదువులో, చివరికి సినిమాల్లో కనిపించే ఆ తేడా కూడా ఈ ఆనకట్ట దగ్గరే మొదలైంది.

కావేరి: గురువులు ఇక్కడున్నారు

కాటన్ ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నారు? 18 ఏళ్లకే 1821లో మద్రాసులో దిగిన కుర్రాడికి ఇసుక మీద ఆనకట్ట కట్టడం ఎవరు నేర్పారు? సమాధానం కావాలంటే తిరుచ్చి వెళ్లాలి.

తిరుచ్చి దగ్గర కావేరి మీద కల్లణై ఉంది. కరికాల చోళుడు కట్టించాడని చెప్పే, దాదాపు రెండు వేల ఏళ్ల నాటి ఆనకట్ట. కింద గట్టి రాయి తగలకపోయినా సరే, ఇసుకలోకి పెద్ద పెద్ద బండలు దింపుతూ, అవి దిగబడి దిగబడి కుదురుకునేదాకా పేర్చుకుంటూ పోవడమే ఆ పాత పనివాళ్ల కిటుకు. అంతు తెలియని ఇసుకలో పునాది ఎలా వేయాలో మేం వీళ్ల దగ్గరే నేర్చుకున్నామని కాటన్ స్వయంగా రాసుకున్నారు. దొర మనకి నేర్పాడని అనుకుంటాం కానీ, ముందు దొరకి నేర్పింది మనవాళ్లే!

ఆ పాఠంతోనే 1836-38 మధ్య కొల్లిడం పాయ మీద, ముక్కొంబు దగ్గర ఆనకట్ట కట్టించారు. తంజావూరు డెల్టా మళ్లీ కోలుకుంది. ఇవాళ ముక్కొంబు తిరుచ్చి వాళ్లకి పిక్నిక్ స్పాట్. 2018 ఆగస్టు వరదలో అక్కడి పాత గేట్లు కొన్ని కొట్టుకుపోతే, దగ్గర్లోనే కొత్తది కట్టారు. అంటే ముక్కొంబు గోదావరికి రిహార్సల్ లాంటిది.

అదే కావేరి డెల్టాలో ఉన్న కుంభకోణం డిగ్రీ కాఫీకి ఫేమస్. మన మూడో కాటన్ హెన్రీ పుట్టింది ఆ ఊళ్లోనే, 1845లో. ఆర్థర్ నీళ్లు మళ్లించిన నేల మీద హెన్రీ పుట్టాడన్నమాట. కానీ ఇద్దరివీ వేర్వేరు కుటుంబాలు. హెన్రీ వాళ్లది తరతరాలుగా ఇండియాలో ఉద్యోగాలు చేసిన ఇల్లు. తండ్రి మద్రాసు సివిల్ సర్వీసులో అధికారి. ఆయన దగ్గరికి తర్వాత వెళ్దాం. దారిలో బెంగళూరు తగులుతుంది కదా!

బెంగళూరు, సిమ్లా: నదిలో కలిసిపోయిన బిషప్

జార్జ్ ఎడ్వర్డ్ లించ్ కాటన్ 1813లో ఇంగ్లండ్‌లోని చెస్టర్‌లో పుట్టారు. పుట్టిన కొద్ది రోజులకే సైన్యంలో ఉన్న తండ్రి యుద్ధంలో చనిపోయాడు. పెరిగి పెద్దయ్యాక బడిపంతులయ్యారు. రగ్బీ స్కూల్లో పనిచేసి, తర్వాత మార్ల్‌బరో కాలేజీకి హెడ్మాస్టర్‌గా వెళ్లారు. మూతపడేలా ఉన్న ఆ బడిని గాడిలో పెట్టిన మాస్టారుగా పేరు తెచ్చుకున్నారు. 1858లో కలకత్తా బిషప్‌గా ఇండియా పంపించారు.

ఆయన ఇక్కడికొచ్చాక కూడా మాస్టారుగానే ఆలోచించారు. ఇంగ్లండ్ పంపి చదివించే స్తోమత లేని ఇంగ్లిష్, ఆంగ్లో ఇండియన్ కుటుంబాల పిల్లలకు ఇక్కడే మంచి బళ్లుండాలన్నది ఆయన పట్టుదల. అలా సిమ్లా స్కూలు 1859లో మొదలైంది. బెంగళూరు స్కూలు 1865లో వచ్చింది. దానికి ఆయన పేరు పెట్టుకున్నారు.

చూడండి, ఈ బళ్లు మన పిల్లల కోసం పెట్టినవి కావు. కానీ కాలం వాటిని మన చేతిలో పెట్టింది. జనరల్ తిమ్మయ్య బెంగళూరు బిషప్ కాటన్‌లో చదివారు. రచయిత రస్కిన్ బాండ్ సిమ్లా బడి పిల్లాడే. జలియన్‌వాలాబాగ్‌లో కాల్పులు జరిపించిన డయ్యర్ కూడా సిమ్లా స్కూల్లోనే చదివాడు. బడి ఒక్కటే, బయటికొచ్చే మనుషులు మాత్రం ఎన్ని రకాలో!

బిషప్ కథ విషాదంగా ముగిసింది. 1866 అక్టోబరు 6న ఇప్పటి బంగ్లాదేశ్‌లోని కుష్టియాలో ఒక శ్మశానవాటికకు ప్రతిష్ఠ చేసి వస్తూ, సాయంత్రం స్టీమర్ ఎక్కబోయారు. చెక్క మీద కాలుజారి గొరాయ్ నదిలో పడిపోయారు. శవం కూడా దొరకలేదు. ఒక కాటన్ నదికి పగ్గం వేశాడు. ఇంకో కాటన్‌ని నది తీసుకుపోయింది.

గువాహటి: కూలీల కోసం నిలబడ్డ కాటన్

ఇక చివరి మజిలీ. గువాహటి స్టేషన్లో దిగి పాన్‌బజార్ వైపు నడిస్తే, దిఘలిపుఖురి చెరువుకి దగ్గర్లోనే కాటన్ యూనివర్సిటీ. చుట్టూ పుస్తకాల షాపులు, టీ కొట్లు, ఎప్పుడు చూసినా కుర్రాళ్ల సందడి. మనకి ఆంధ్రా యూనివర్సిటీ, ఉస్మానియా ఎలాగో, అస్సామీలకి ఇది అలాగ. అక్కడ చదివినవాళ్లని ‘కాటనియన్’ అంటారు. భూపేన్ హజారికా కాటనియనే.

హెన్రీ కాటన్ 1867లో సర్వీసులో చేరి బెంగాల్లో పనిచేశారు. 1885లోనే ‘న్యూ ఇండియా’ అని పుస్తకం రాసి, చదువుకున్న భారతీయుల ఆశల్ని దొరలు గౌరవించాలన్నారు. 1896లో అస్సాం చీఫ్ కమిషనర్ అయ్యారు. మరుసటి ఏడాది జూన్‌లోనే మహా భూకంపం వచ్చి షిల్లాంగ్ నేలమట్టమైంది. ఆ దెబ్బ నుంచి తేరుకుంటున్న రోజుల్లోనే గువాహటికి కాలేజీ కావాలని మాణిక్ చంద్ర బరువా లాంటి స్థానిక పెద్దలు గట్టిగా అడిగారు. 1901 మే 27న కాలేజీ మొదలైంది. దాని పేరు ఇప్పటికీ కాటనే. 2017లో పూర్తిస్థాయి కాటన్ యూనివర్సిటీ అయినప్పుడు కూడా పేరు మార్చలేదు.

కానీ కాలేజీ కంటే ఆయన ఉద్యోగానికి గండి కొట్టిన విషయం వేరే ఉంది. టీ తోటల కూలీలు. ఒప్పంద కాగితం మీద వేలిముద్ర వేయించుకుని, రైళ్లలో, స్టీమర్లలో అస్సాం తీసుకెళ్లి, పారిపోతే అరెస్టు చేసే రోజులవి. ఆ కూలీల్లో గంజాం, విశాఖ జిల్లాల నుంచి వెళ్లిన మన తెలుగువాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల వారసులు ఇవాళ్టికీ అక్కడి తోటల్లో కనిపిస్తారు. కూలి పెంచాలని, తోటల్లో దౌర్జన్యాలు ఆగాలని చీఫ్ కమిషనరే స్వయంగా అనేసరికి ప్లాంటర్లు భగ్గుమన్నారు. వాళ్ల పత్రికలు తిట్టిపోశాయి. చివరికి వైస్రాయ్ కర్జన్ కూడా ఆయన వెనక నిలబడలేదు. 1902లో హెన్రీ సర్వీసు వదిలేశారు.

ఇక్కడితో కథ అయిపోలేదు. రెండేళ్లకి, 1904లో బొంబాయిలో జరిగిన కాంగ్రెస్ మహాసభకి అధ్యక్షుడెవరో తెలుసా? ఈ హెన్రీ కాటనే. భారతదేశం స్వేచ్ఛగా ఉండే రాష్ట్రాల సమాఖ్య కావాలని ఆ వేదిక మీద మాట్లాడారు. 1906లో బ్రిటన్ పార్లమెంటుకి ఎంపీగా గెలిచి అక్కడా ఇండియా గురించి ప్రశ్నలు వేస్తూ పోయారు. మొత్తం సర్వీసంతా చేసి, జీతం తీసుకున్న ప్రభుత్వాన్నే నిలదీయడం అంత తేలిక కాదు. ఇవాళ మన ఆఫీసర్లలో ఎంతమంది చేయగలరో మీరే ఆలోచించండి.

పేరు ఎందుకు నిలబడింది?

ఈ ఊళ్లన్నీ చుట్టొచ్చాక ఒక విషయం తడుతుంది. ముగ్గురూ పరాయి పాలనలో ఉద్యోగులే. దేవుళ్లేం కాదు. అయినా జనం వాళ్ల పేర్లు చెరిపేయలేదు. ఎందుకంటే వాళ్లు వదిలి వెళ్లినవి కోటలు, బంగళాలు కావు. ఒక కాలువ, ఒక బడి, ఒక కాలేజీ. పొద్దున్నే లేచి మనం వాడుకునేవి. వాడుకునే వస్తువు మీది పేరుని ఎవరూ పనిగట్టుకుని చెరపరు. అదే సమయంలో, ఆ బోర్డుల మీద చోటు దొరకనివాళ్లని కూడా గుర్తుపెట్టుకుంటేనే లెక్క సరిపోతుంది. కల్లణై కట్టిన పనివాళ్లు, వీరన్న వెంట వచ్చిన కూలీలు, అస్సాం తోటల్లో ఉండిపోయిన మన ఉత్తరాంధ్ర జనం.. వీళ్లు లేకుండా ఏ కాటనూ లేడు.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. రాజమండ్రి ఎలాగూ వెళ్తారు కదా.. పుష్కర ఘాట్‌లో మునకేసి, సెల్ఫీ దిగి వెనక్కొచ్చేయకండి. ఇంకో గంట పెట్టుకుని ధవళేశ్వరం దాకా వెళ్లండి. సాయంత్రం పూట ఎండ తగ్గాక బ్యారేజీ మీద నడిస్తే ఒకవైపు నిండు గోదావరి, ఇంకోవైపు కాలువల్లోకి మళ్లే నీళ్లు కనిపిస్తాయి. మీరు మధ్యాహ్నం తిన్న అన్నంలో ఆ నీళ్ల వాటా కూడా కొంత ఉండే ఉంటుంది.